కాలినా పోని పనితనం

బీజింగ్ రాజప్రాసాదం కొలువు మొదలైన ఏడాదే అంటుకుంది. మింగ్ వంశంలో మూడో చక్రవర్తి యోంగ్లె 1406లో ఆజ్ఞ ఇస్తే, 1420 నాటికి ప్రాసాదం పూర్తయింది. 1421లో చైనీయుల సంవత్సరాది నాడు ఆయన అక్కడ తొలి కొలువు తీర్చాడు. మూడు నెలలు దాటాయో లేదో, పిడుగు పడి ముందువైపున్న మూడు పెద్ద మండపాలూ బూడిదయ్యాయి. వాటిలో పెద్దది తైహె మండపం. మళ్లీ కట్టారు. 1557లో కాలింది. మళ్లీ కట్టారు. 1597లో కాలింది, 1679లోనూ కాలింది. ఇవాళ యాత్రికులు ఎదురుగా నిలబడి ఫొటోలు దిగే తైహె మండపం 1695–97 మధ్య లేచినది. అదే నగరంలో దక్షిణాన, నీలి పెంకుల గుండ్రటి మండపంతో పేరుపొందిన స్వర్గాలయానిదీ ఇదే కథ. ఆ మండపం 1889లో పిడుగుపాటుకు కాలి, 1896 నాటికి తిరిగి నిలబడింది.

గైడ్లు ఈ కట్టడాలను ఆరువందల ఏళ్లనాటివని పరిచయం చేస్తారు. స్తంభాల వయసు లెక్కేస్తే ఆ మాట నిలవదు. కట్టిన పద్ధతి వయసు లెక్కేస్తే ఆరువందలు తక్కువే. కర్ర ఎన్నిసార్లు కాలినా, దాన్ని కోసి, చెక్కి, కూర్చే విద్య గురువు చేతి నుంచి శిష్యుడి చేతికి దాటుతూ వచ్చింది. బీజింగ్‌లో చూడదగ్గ అసలు అద్భుతం అదేనని నా నమ్మకం. మహాకుడ్యం ఉంది, తియానన్మెన్ మైదానం ఉంది, చక్రవర్తుల వేసవి విడిది ఉంది, హుతోంగ్ సందులున్నాయి. అన్నీ చూడాల్సినవే. పనితనం మీద మక్కువ ఉన్నవాళ్లు మాత్రం రాజప్రాసాదంలోనూ, స్వర్గాలయంలోనూ ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎక్కడ ఆగాలో, ఏం చూడాలో చెప్పడానికే ఈ పరిచయం.

మంచు మీద వచ్చిన రాయి

ప్రాసాదంలో తైహె, జోంగ్‌హె, బావోహె మండపాలు మూడూ ఒకదాని వెనక ఒకటిగా, మూడంతస్తుల పాలరాతి వేదిక మీద ఉంటాయి. వేదిక ఎత్తు ఎనిమిది మీటర్ల పైచిలుకు. జనమంతా ముందువైపు మెట్ల దగ్గర గుమిగూడతారు. మీరు వెనక్కి, బావోహె మండపం దాటి కిందికి దిగే చోటికి వెళ్లండి. రెండు మెట్ల వరసల నడుమ ఏటవాలుగా పరిచిన ఒకే ఒక్క రాయి కనిపిస్తుంది. పొడవు 16 మీటర్లు దాటుతుంది, వెడల్పు 3 మీటర్లు, మందం 1.7 మీటర్లు, బరువు 200 టన్నుల పైమాటే. దాని మీద మబ్బుల నడుమ తొమ్మిది డ్రాగన్లు, అడుగున కొండలు, అలలు. రాయి మింగ్ కాలానిది. 18వ శతాబ్దంలో ఛియాన్‌లాంగ్ చక్రవర్తి పాత నగిషీని తీయించి ఇప్పుడున్న నగిషీ చెక్కించాడు. అప్పటికే రాయి అక్కడ పరిచి ఉంది. మరో రాయి తేవడం అంత సులువు కాదు, ఒక్క దెబ్బ తప్పితే దిద్దుకునే వీలూ లేదు. మబ్బు అంచులను, డ్రాగన్ల పొలుసులను దగ్గరగా చూస్తే ఆ శిల్పులు ఎంత నిబ్బరంగా ఉలి పట్టారో అర్థమవుతుంది.

ఇంత బండ అక్కడికి ఎలా వచ్చింది? పాలరాయి గనులు నగరానికి నైరుతిన, దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో, ఫాంగ్‌షాన్‌లో ఉన్నాయి. మండపాలు కాలిన 1557లోనే, తిరిగి కట్టడం కోసం 123 టన్నుల రాయిని అక్కడి నుంచి లాగుకొచ్చిన వివరం పాత పత్రాల్లో దొరికింది. చక్రాల బండి అంత బరువు మోయలేదు. అందుకని గడ్డకట్టే చలికాలం దాకా ఆగారు. దారి పొడవునా అరకిలోమీటరుకో బావి తవ్వి, నీళ్లు తోడి పోసి, ఆ నీరు గడ్డకట్టాక దానిమీద చెక్క బల్లకట్టు లాంటి బండిని ఈడ్చారు. ప్రయాణం 28 రోజులు పట్టింది. 2013లో కొందరు శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని లెక్కగట్టి చూశారు. మంచు మీద పలచగా నీరు చిలకరిస్తే యాభైమందికి లోపే ఆ రాయిని కదిలించగలరని, ఉత్త నేల మీదైతే పదిహేను వందల మందికి పైగా కావలసి వచ్చేదని తేల్చారు. రాతి పనివాళ్లు అప్పటి చలిని కూడా ఒక పనిముట్టుగా వాడుకున్నారన్నమాట.

అదే వేదిక అంచులు చూడండి. ప్రతి అంతస్తు చుట్టూ రాతి డ్రాగన్ తలలు బయటికి పొడుచుకొని ఉంటాయి. మూడంతస్తులకూ కలిపి వెయ్యికి పైగా ఉన్నాయి. ప్రతి తల లోపలా నోటి దాకా సన్నటి కన్నం తొలిచారు. వేదిక నేల కంటికి ఆనని వాలుతో అంచులవైపు ఒరిగి ఉంటుంది. కుండపోత వాన కురిసినా నీళ్లు ఈ నోళ్లగుండా కిందికి జారిపోతాయి. అలంకారం అనుకున్నది నీటి తూము కూడా. ఈ ప్రాసాదంలో ఇలా రెండు పనులు చేసే వస్తువులు అడుగడుగునా ఉన్నాయి.

కదిలితేనే నిలిచే చట్రం

తైహె మండపంలో 72 స్తంభాలున్నాయి. ఒక్కదాన్నీ నేలలో పాతలేదు. ప్రతి స్తంభం ఒక రాతి దిమ్మ మీద తన బరువుతో తానే నిలబడి ఉంటుంది. స్తంభాలను దూలాలు కలుపుతాయి. దూలం కొసన కుసి చెక్కి, స్తంభంలో దానికి సరిపడే బెజ్జం తొలిచి, ఒకదాన్ని ఒకదాంట్లోకి దిగ్గొట్టారు. ఈ కట్టడాల్లో ఒక్క మేకు కూడా లేదని తరచూ వింటుంటాం. నిజానికి వాసాలను బిగించడానికి మేకులు వాడారు. అయితే బరువు మోసే అసలు చట్రం వాటి మీద ఆధారపడదు. అందులోని ప్రతి అతుకూ కర్రకూ కర్రకూ మధ్య జరిగిన ఒప్పందమే.

ఇప్పుడు తల పైకెత్తి చూరు కింద చూడండి. గోడకూ కప్పుకూ మధ్య నీలం, ఆకుపచ్చ రంగుల్లో చిన్న చిన్న చెక్కముక్కలు గుత్తులుగా పేర్చినట్టు కనిపిస్తాయి. చైనీయులు వీటిని దౌగోంగ్ అంటారు. ఒక గుత్తిని పట్టుకుని కింది నుంచి పైకి చదవాలి. అడుగున ఒక చదరపు దిమ్మ. దాని నెత్తిన కూడిక గుర్తులా రెండు గాళ్లు. ఆ గాళ్లలో ఒక చెక్క గోడ వెంబడి, ఇంకొకటి గోడకు అడ్డంగా కూర్చుంటాయి. రెండింటి కొసలూ పైకి వంపు తిరిగి ఉంటాయి. ఆ కొసల మీద మళ్లీ చిన్న దిమ్మలు, వాటి గాళ్లలో ఇంకాస్త పొడవైన చెక్కలు. ఇలా మెట్టు మెట్టుగా బయటికి జరుగుతూ, దూరంగా సాగిన చూరు బరువును అందుకుని, మళ్లీ అదే మెట్ల మీదుగా స్తంభం తల దాకా దించుతాయి.

ఒక్కో గుత్తిలో పదుల ముక్కలుంటాయి. దేనికదే విడిగా చెక్కి, నేలమీద కూర్చి చూసుకుని, విప్పి, పైకి తీసుకెళ్లి మళ్లీ కూరుస్తారు. ముక్కకూ ముక్కకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ మిగులుతుంది. భూమి కంపిస్తే ఆ ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ, జరుగుతూ ఆ ఊపును తమలోనే ఖర్చు చేసేస్తాయి. గోడలు కూలినా ఇల్లు కూలదని చైనా వడ్రంగుల్లో ఒక నానుడి ఉంది. 2017లో ఒక బ్రిటిష్ టీవీ చిత్రం కోసం ప్రాసాదంలోని ఒక మండపాన్ని అయిదో వంతు కొలతలో చెక్కతో కట్టి, కంపన యంత్రం మీద పెట్టి ఊపారు. చుట్టూ కట్టిన గోడలు త్వరగానే రాలిపోయాయి. తీవ్రత పెంచుతూ పోయినా చట్రం మాత్రం నిలిచింది. 1976లో తాంగ్షాన్ నగరాన్ని నేలమట్టం చేసిన భూకంపం బీజింగ్‌నూ కుదిపింది. ఈ మండపాలు దాన్నీ తట్టుకున్నాయి.

ఈ గుత్తిలో ఇంకో రహస్యముంది. అడుగు దిమ్మలోని గాడి వెడల్పే మొత్తం కట్టడానికి కొలబద్ద. మింగ్ తర్వాత వచ్చిన క్వింగ్ ప్రభుత్వపు పనుల శాఖ 1734లో వెలువరించిన నియమావళి ఈ గాడిని పదకొండు తరగతులుగా విభజించింది. కట్టడం హోదాను బట్టి తరగతి నిర్ణయమవుతుంది. తరగతి తేలగానే మిగతావన్నీ దాని రెట్లే. చూరు కింది స్తంభం లావు గాడికి ఆరు రెట్లు. దూలాలకు, చెక్కల పొడవులకు, గుత్తుల మధ్య ఎడానికి కూడా ఇలాగే లెక్క. అంతకు ఆరువందల ఏళ్ల ముందు, 1103లో సోంగ్ రాజుల కాలంలో లీ జియె కూర్చిన గ్రంథంలోనూ ఇదే సూత్రం వేరే పేర్లతో ఉంది. కాలిన మండపం మళ్లీ లేవడానికి ఈ లెక్కే ఆధారం. బూడిదలో ఏమీ మిగలకపోయినా, ఆ లెక్కలు కంఠతా వచ్చిన పెద్ద వడ్రంగి ఒక్కడుంటే చాలు, మండపం మొత్తం అతని బుర్రలో ఉన్నట్టే.

అలాంటి వడ్రంగి పేరు ఒకటి చరిత్రలో నిలిచింది. లియాంగ్ జియు. మింగ్ రాజుల చివరి రోజుల్లో ప్రాసాదపు పనులు చేసిన ఫెంగ్ చియావో అనే వృద్ధ వడ్రంగి దగ్గర అతను ఏళ్ల తరబడి శుశ్రూష చేశాడు. చాన్నాళ్లు గురువు విద్య మర్మం చెప్పలేదు. శిష్యుడు విసుగు చూపలేదు. చివరికి ఫెంగ్ అతనికి అంతా అప్పగించాడు. ఈలోగా మింగ్ వంశం పోయి క్వింగ్ వంశం వచ్చింది. సింహాసనం చేతులు మారినా వడ్రంగం గొలుసు తెగలేదు. 1695లో కాంగ్‌షీ చక్రవర్తి తైహె మండపాన్ని తిరిగి కట్టించేనాటికి లియాంగ్ జియు డెబ్బై దాటినవాడు. అతను ముందుగా పదో వంతు కొలతలో మండపం నమూనా చేసి చూపించాడు. ప్రతి కుసీ, ప్రతి గాడీ అందులో ఉన్నాయి. దాన్ని చూసుకుంటూ పనివాళ్లు అసలు మండపం కట్టారు. యోంగ్లె నాటి విద్య కాంగ్‌షీ నాటి కర్రలోకి వచ్చింది ఇలా.

కర్ర కూడా మారింది. మింగ్ చక్రవర్తులు నైరుతి అడవుల నుంచి నాన్ము అనే మేలుజాతి మాను తెప్పించారు. నిటారుగా, లావుగా, సువాసనతో పెరిగే ఆ మాను కోసం ఎందరో అడవుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. క్వింగ్ కాలానికి అలాంటి మాన్లు దొరకడం కష్టమైంది. తైహె మండపానికి పైన్ కర్రతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. తక్కువజాతి కర్రతో అదే హుందాతనం తేవడమే పనివాళ్ల ముందున్న పరీక్ష.

స్తంభానికి కట్టిన కవచం

ఆ పరీక్షలో వాళ్లెలా నెగ్గారో చూడాలంటే ఏదైనా ఎర్ర స్తంభం పాతబడి పెచ్చు లేచిన చోట ఆగి చూడండి. రంగు కింద నేరుగా కర్ర ఉండదు. బూడిదరంగు పొరలు, వాటి నడుమ నార పోగులు కనిపిస్తాయి.

ఆ పూత వేసే తీరు ఇది. ముందు కర్రను నున్నగా కాదు, గరుకుగా చేస్తారు. చిన్న గొడ్డలితో ఒంటినిండా గాట్లు పెడతారు, పూత పట్టుకోవడానికి. పగుళ్లుంటే వాటిని ఇంకాస్త విప్పి, చెక్క చీలికలు దిగ్గొట్టి పూడుస్తారు. తర్వాత ఇటుక పొడి, తుంగ్ గింజల నూనె, పంది నెత్తురు, పిండి కలిపిన ముద్దతో సందులు నింపుతారు. అది ఆరాక ఒళ్లంతా ఒక పొర. దానిమీద జిగురు రాసి, దువ్వి శుభ్రం చేసిన నారను కర్ర ఈనెకు అడ్డంగా పరిచి, అదిమి, చుట్టేస్తారు. నార మీద మరో పొర, దానిమీద ఇంకాస్త మెత్తటి పొడితో మరొకటి, ఆపైన వస్త్రగాళితం పట్టిన పొడితో చివరిది. నార ఒక వరస, ముద్ద అయిదు వరసలు. ప్రతి వరసా ఆరాలి, రాయితో రుద్దాలి, తుడవాలి. ఆఖరున పచ్చి నూనె తాగినంత తాగించి, అప్పుడు ఎర్ర రంగు ఎక్కిస్తారు. బీజింగ్ చలికాలంలో గడ్డకడుతుంది, ఎండాకాలంలో మండుతుంది. కర్ర వ్యాకోచించినా, ముడుచుకున్నా ఈ నార కవచం పగలకుండా పట్టి ఉంచుతుంది. అతుకులు వేసి లావు చేసిన స్తంభం కూడా దీని చాటున ఒకే మానులా కనిపిస్తుంది.

దూలాల మీది చిత్రాలదీ అంతే ఓపిక. బొమ్మను అసలు కొలతలో కాగితం మీద గీసి, గీతల వెంబడి సూదితో కన్నాలు పొడుస్తారు. కాగితాన్ని దూలానికి ఆనించి, సుద్దపొడి మూటతో తట్టితే చుక్కల బొమ్మ దిగుతుంది. ఆ గీతల మీద మన గోరింటాకు కోన్ నొక్కినట్టే, సుద్ద ముద్దను సన్నటి గొట్టంలోంచి పిండుతూ పోతారు. డ్రాగన్ మీసం, పంజా, పొలుసు అన్నీ ఉబ్బెత్తు గీతలుగా లేస్తాయి. దానిమీద బంగారు రేకు అంటిస్తారు. గొప్ప మండపాల్లో ఎరుపు తిరిగిన రేకు ఒకటి, పాలిపోయిన రేకు ఒకటి, రెండు రకాలు వాడతారు. చూరు నీడలో ఉండే చిత్రం కింద నిలబడ్డవాళ్లకు మెరుస్తూ కనిపించడానికి కారణం ఆ ఉబ్బెత్తు గీతే. ఏ మూల నుంచి వెలుగు వచ్చినా గీత ఏదో ఒక వైపున అందుకుంటుంది.

నేల, గోడ

తైహె మండపం లోపలికి యాత్రికులను పోనివ్వరు. గుమ్మం దగ్గర నిలబడి సింహాసనం కోసం మెడలు చాస్తారు అందరూ. ఒక్కసారి చూపు నేలమీదికి దించండి. నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడే పలకలు. బంగారు ఇటుకలని వీటికి పేరు. బంగారం లేదు, మట్టి మాత్రమే. సుజౌ నగరం దగ్గరి మెత్తటి బంకమట్టిని తెచ్చి, నానబెట్టి, వడగట్టి, తొక్కి, అచ్చుపోసి, నీడన నెలల తరబడి ఆరబెట్టేవారు. అప్పుడు ఆవంలో పెట్టి 130 రోజులు కాల్చేవారు. ముందు ఊక పొగతో నెల రోజులు, పచ్చిదనం మెల్లగా పోవడానికి. తర్వాత చీల్చిన కట్టెలతో ఒక నెల, పుల్లలతో ఒక నెల, చివర పైన్ కొమ్మలతో నలభై రోజులు. తొందరపడి మంట పెంచితే ఇటుక బీటలిచ్చేది. ఆఖరున ఆవం పైనుంచి నీళ్లు ఇంకేలా చేసి చల్లార్చితే ఎరుపు పోయి నలుపు తిరిగేది. తట్టి చూస్తే లోహంలా మోగాలి. మోగనిది పనికిరాదు. నిలిచినవాటిని కాల్వల మీదుగా పడవల్లో బీజింగ్ చేర్చి, అంచులు అరగదీసి, సందు కనిపించకుండా పరిచి, తుంగ్ నూనె పట్టించేవారు. తైహె మండపంలో ఇలాంటివి 4718 పరిచారు.

ప్రాసాదం ఈశాన్య భాగంలో, నిధుల ప్రదర్శనశాల దారిలో, తొమ్మిది డ్రాగన్ల గోడ ఉంది. 18వ శతాబ్దపు పని. దాదాపు 29 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల ఎత్తు. మెరుగుపూత వేసి కాల్చిన 270 మట్టి పలకలను కలిపి కూర్చారు. ఏ పలకా ఇంకో పలకలా ఉండదు. ఒక్కటి తేడా వస్తే బొమ్మ చెడుతుంది. తూర్పు నుంచి మూడోదైన తెల్ల డ్రాగన్ పొట్ట దగ్గర ఒక ముక్క రంగు మాసి ఉంటుంది. ఆవంలో ఒక పలక పగిలితే, ఒక వడ్రంగి రాత్రికి రాత్రి కర్రతో అలాంటిదే చెక్కి, రంగు వేసి అమర్చి, కుమ్మరుల ప్రాణాలు కాపాడాడని కథ చెబుతారు. ఒక చేతివృత్తి ఇంకో చేతివృత్తిని ఆదుకున్న కథ కనుక జనం దాన్ని మరిచిపోలేదు.

నాలుగు స్తంభాల మీద వలయం

స్వర్గాలయం ప్రాసాదానికి ఆగ్నేయంగా, మెట్రో అయిదో లైనులో దిగితే తూర్పు ద్వారం పక్కనే ఉంటుంది. చక్రవర్తి ఏటా పంటల కోసం ఇక్కడ ప్రార్థించేవాడు. ఇక్కడి మండపానికి ఇప్పుడున్న గుండ్రటి రూపం, మూడు వరసల కప్పు 1545 నాటివి. అప్పట్లో మూడు కప్పులవీ మూడు రంగులు. 1751లో ఛియాన్‌లాంగ్ మూడింటినీ ఆకాశనీలం చేయించాడు. వేదికతో కలిపి ఎత్తు 38 మీటర్లు.

గుమ్మం దగ్గర నిలబడి లోపలి స్తంభాలు లెక్కపెట్టండి. బయటి వలయంలో 12, లోపలి వలయంలో 12, నట్టనడుమ బంగారు తీగల చిత్రంతో 4. నాలుగు రుతువులు, పన్నెండు నెలలు, చైనీయుల లెక్కలో రోజుకు పన్నెండు జాములు అని వీటికి అర్థం చెబుతారు. నన్ను అంతకన్నా ఎక్కువ ఆకట్టుకున్నది వీటి నిర్మాణం. బయటి పన్నెండూ కింది కప్పును, లోపలి పన్నెండూ నడిమి కప్పును మోస్తాయి. మరి అన్నిటికన్నా పైనున్న కప్పు? అదీ గుండ్రటిదే, దానికీ పన్నెండు ఆధారాలు కావాలి. కింద చూస్తే నాలుగే ఉన్నాయి.

చిక్కు ఇలా విప్పారు. 19.2 మీటర్ల ఎత్తున్న ఆ నాలుగు స్తంభాలనూ వంపు తిరిగిన దూలాలతో ఒక వలయంగా కలిపారు. ఒక్కో వంపు దూలం మీద రెండేసి పొట్టి స్తంభాలు నిలబెట్టారు. అవి ఎనిమిది. నాలుగూ ఎనిమిదీ కలిస్తే పన్నెండు. పై కప్పుకు ఆధారం దొరికింది. నేలమీద నడుమభాగం అడ్డులేకుండా ఖాళీగా మిగిలింది. పూజకు చోటు కావాలి, కప్పుకు బలం కావాలి. రెండూ సాధించారు. ఒక దూలాన్ని వంపుగా చెక్కి దాని రెండు కొసల్లోనూ కుసి సరిగ్గా కుదిరేలా చేయడం ఎంత కష్టమో ఏ వడ్రంగిని అడిగినా చెబుతాడు. ఇక్కడ అలాంటి దూలాలు వరస మీద వరసగా వలయాలు కట్టాయి. పైన నట్టనడుమ డ్రాగన్, ఫీనిక్స్ ఉన్న గోపురపు గూడు దాకా అంతా ఈ వలయాలే.

బయటికొచ్చి పెంకులు చూడండి. గుండ్రటి కప్పు కింద వెడల్పు, పైకి పోనుపోను సన్నం. మామూలు పెంకు వాడితే వరసలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. అందుకని ప్రతి వరసలోనూ కింది పెంకు కన్నా పైది కాస్త సన్నగా ఉండేలా వేర్వేరు కొలతల్లో కాల్చారు. చూరు నుంచి శిఖరంలోని బంగారు గుండు దాకా గీత ఎక్కడా వంకర పోకుండా సాగడం వెనక కుమ్మరి లెక్క ఉంది.

అక్కడి నుంచి దక్షిణంగా నడిస్తే గుండ్రటి రాతి వేదిక వస్తుంది. 1530లో కట్టి, 1749లో పెద్దది చేశారు. పైఅంతస్తు నడుమ ఒక గుండ్రటి రాయి, దాని చుట్టూ తొమ్మిది రాళ్లు, ఆ చుట్టూ పద్దెనిమిది, ఆపైన ఇరవై ఏడు. ఇలా తొమ్మిదో వలయానికి 81. కింది అంతస్తుల్లోనూ అదే వరస కొనసాగి, 27వ వలయంలో 243 అవుతాయి. నడిమి రాయి కాక మొత్తం 3402. ఒక వలయంలోని రాళ్లన్నీ ఒకే కోణంలో, ఒకే వంపులో కోయకపోతే చివరి రాయికి చోటు మిగలదు, లేదా ఎక్కువ మిగులుతుంది. నడుమ రాయి మీద నిలబడి మాట్లాడితే చుట్టూ ఉన్న రాతి పిట్టగోడలకు తగిలి మీ గొంతు మీకే నిండుగా వినిపిస్తుంది.

విద్యను పుస్తకంలోకి ఎక్కించినవాళ్లు

1911 తర్వాత చక్రవర్తులు పోయారు, కట్టించేవాళ్లూ పోయారు. ప్రాసాదపు వడ్రంగులు ముసలివాళ్లయ్యారు. 1734 నాటి నియమావళి చేతిలో ఉన్నా పండితులకు అర్థమయ్యేది కాదు, ఎందుకంటే అందులోవన్నీ పనివాళ్ల మాటలు. 1930లలో లియాంగ్ సిచెంగ్ అనే యువ వాస్తుశిల్పి బీజింగ్‌లో ఆ వృద్ధ వడ్రంగుల దగ్గర, చిత్రకారుల దగ్గర విద్యార్థిలా కూర్చున్నాడు. ప్రాసాదాన్నే పాఠ్యపుస్తకంగా పెట్టుకుని ఒక్కో ముక్క పేరు, పని, కొలత అడిగి రాసుకున్నాడు. 1934లో క్వింగ్ నిర్మాణ నియమాల మీద ఆయన పుస్తకం వచ్చింది. ఆయన భార్య లిన్ హుయియిన్ ఆ పనిలో సమానంగా పాలుపంచుకుంది. 1930ల మధ్యలో స్వర్గాలయం మరమ్మతు జరుగుతుండగా ఇద్దరూ గుండ్రటి మండపం కప్పు మీద నిలబడ్డ ఫొటో ఇవాళ్టికీ చైనాలో బాగా తెలిసినదే. లిన్ పేరు మనకూ కొంత దగ్గరిదే. 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్ బీజింగ్‌లో ఉన్నప్పుడు, ఆయన పుట్టినరోజున ప్రదర్శించిన ‘చిత్ర’ నాటకంలో చిత్రాంగదగా వేసింది ఆమే.

ఇప్పుడు ప్రాసాదపు మ్యూజియం తన మరమ్మతు పనివాళ్లను తానే తయారు చేసుకుంటుంది. పెంకు, కర్ర, మట్టి, రాయి, పరంజా, నూనె పూత, చిత్రలేఖనం, కాగితం అతికింపు అనే ఎనిమిది పనులు అక్కడ గురుశిష్య పద్ధతిలో నడుస్తున్నాయి. చైనా ప్రభుత్వం 2008లో ఈ నిర్మాణ విద్యను జాతీయ వారసత్వంగా గుర్తించింది. మరుసటి ఏడాది చైనా దారు నిర్మాణ విద్యను యునెస్కో తన జాబితాలో చేర్చింది. కట్టడాన్ని కాపాడటం అంటే కట్టే చేతిని కాపాడటమని అక్కడివాళ్లు గ్రహించారు. నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించిన సంగతి ఇదే.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక పాఠముంది. 2021 జులైలో మన రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చిన సమావేశానికి ఆతిథ్యమిచ్చింది చైనాలోని ఫుజౌ నగరం. 2024 జులైలో ప్రాసాదం, స్వర్గాలయం రెండూ భాగమైన బీజింగ్ నడిమి అక్షానికి అదే హోదా దక్కింది న్యూఢిల్లీలో. రామప్పలో మన శిల్పులు ఇసుక పునాది మీద రాతిగుడి నిలిపారు, విమానానికి నీటిలో తేలేంత తేలిక ఇటుకలు కాల్చారు. నేల కదులుతుందని ఒప్పుకుని, దానికి తగ్గట్టు కట్టిన తెలివి రెండు చోట్లా ఒకటే. ఆ ఇటుక కాల్చిన కుమ్మరి విద్య గొలుసు మన దగ్గర తెగిపోయింది. ఇంకా మిగిలున్న స్థపతులను, వడ్రంగులను, కంచు పనివాళ్లను ప్రభుత్వాలు కూలీలుగా కాక గురువులుగా చూసి, వాళ్ల వెనక ఒక తరం శిష్యులను నిలబెట్టాలి.

బీజింగ్ వెళ్లేవాళ్లకు చివరగా రెండు మాటలు. ప్రాసాదానికి సోమవారం సెలవు. టికెట్లు పాస్‌పోర్టు వివరాలతో ఆన్‌లైన్‌లో ముందుగానే తీసుకోవాలి. వీలైతే చిన్న బైనాక్యులర్ ఒకటి సంచిలో వేసుకోండి. సింహాసనం ఫొటో ఎక్కడైనా దొరుకుతుంది. చూరు కింద ఆ చెక్కముక్కలు ఒకదాన్నొకటి పట్టుకున్న తీరు మాత్రం అక్కడ నిలబడి, తలెత్తి, తీరిగ్గా చూడాల్సిందే.